గుంట పూడ్చారా?

ఫోన్లలో బొమ్మలు ఇంకా కదలని రోజులవి. రెండు వేలు దాటి ఏడో ఎనిమిదో ఏళ్ళయి ఉంటుంది. పార్వతీపురంలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుంటే, హైదరాబాదులో ఉన్న సైకాలజిస్టు కంప్యూటర్లో కనబడి మాట్లాడుతుందని మా వదిన వచ్చి చెప్పింది. నాకు జబ్బు సంగతి మరిచిపోయేంత సంబరం వచ్చేసింది. మనం ఆవిడకి కనబడతామా, నవ్వితే తెలుస్తుందా, ఏడిస్తే తెలుస్తుందా అని వదిన ప్రాణం తీశాను.

"నాకేటి తెలుసే! పెద్దాసుపత్రి డాక్టరు సెప్పినాడు, నాను నీకు సెప్పినాను. పద, బేగి తల దువ్వుకో" అంది వదిన.

జబ్బంటే జ్వరమూ దగ్గూ కాదు. బస్సెక్కలేకపోవడం. కురుపాం దాటాక కొండల్లో ఒక బడిలో నేను టీచర్ని. రోజూ బస్సు మీదే వెళ్ళి వచ్చేదాన్ని. ఆ వానాకాలం ఒకరోజు కొండవాగు దగ్గర, గెడ్డ స్టాపులో, సంతకి వెళ్ళే ఒకామె కొండచీపుళ్ళ మోపుతో ఎక్కింది. బస్సులో కాలు పెట్టే చోటు లేదు. "అమ్మా, గుంటని కూసింత ఒళ్ళో ఎట్టుకోవా" అని కూతుర్ని నా మీదికి తోసేసింది. మా వైపు ఆడపిల్లని గుంట అంటాం. తిట్టేం కాదు, ముద్దుమాటే. ఆ పిల్ల నా గాజులు అటూ ఇటూ జరుపుకుంటూ కూర్చుంది. పై మలుపులో బస్సు కొండని గుద్దుకుని పక్కకి ఒరిగిపోయింది. పిల్ల నా ఒళ్ళోంచి ఎగిరి ముందు సీటు కడ్డీ మీద పడింది. తలంతా నెత్తురు. తల్లి దాన్ని భుజానేసుకుని, వెనకాల వచ్చిన జీపెక్కి వెళ్ళిపోయింది. నాకు మోచెయ్యి దోక్కుపోయింది, అంతే.

ఆ తర్వాత బస్సు ఇంజను చప్పుడు వింటే చాలు, చేతులు చల్లబడిపోయేవి. రైలు కూడా ఎక్కి చూశాను. కూత వెయ్యకముందే దిగిపోయాను. విశాఖపట్నంలో మంచి డాక్టర్లున్నారు, వెళ్ళి చూపించుకోమని చెప్పనివాళ్ళు లేరు. బస్సెక్కలేని దాన్ని బస్సెక్కి వచ్చి నయం చేయించుకోమంటే ఒళ్ళు మండదా మరి? దసరా సెలవుల తర్వాత బడికి రాకపోతే వేరేవాళ్ళని వేసుకుంటామని హెడ్మాస్టరు కబురంపాడు. ఆ బడి అంటే నాకు ప్రాణం. అందుకే కంప్యూటర్ డాక్టరమ్మ అనగానే ఎగిరి గంతేశాను.

మొదటిసారి వెళ్ళిన రోజు చూడాలి మా వేషాలు! వదిన పెళ్ళిళ్ళకి కట్టే పట్టుచీర కట్టింది. నాకు పౌడరు రాసి, తలలో కనకాంబరాలు పెట్టింది. ప్లైవుడ్డు గదిలో, కర్టెన్ వెనకాల, ఒకే కుర్చీలో ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. కంప్యూటర్ మీద గుడ్డులాంటి కెమెరా. సెంటరాయన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి ఏవో నొక్కాడు. తెర మీద ముందు నీలం రంగు వచ్చింది, తర్వాత గళ్ళుగళ్ళుగా ఒక ముఖం, తర్వాత కళ్ళజోడు. "నమస్తే అండీ, వినబడుతోందా?" అన్నారు మేడం. పెదాలు కదిలిన కాసేపటికి మాట వచ్చింది. "ఓలమ్మో, నిజంగానే మనిసే!" అని వదిన అరిచింది. మేడం నవ్వేశారు. ఆ తర్వాత, బయట కూర్చోమని వదినని చాలా మర్యాదగా పంపించేశారు. పట్టుచీర అంతా వృథా అయిపోయిందని వదిన మూతి ముడుచుకుంది.

కానీ ఆ రోజు ఏమీ జరగలేదు. పెద్ద సైకాలజిస్టు కదా అని నేను పాఠ్యపుస్తకంలా మాట్లాడాను. "నాకు ప్రయాణమనిన భయముగా ఉన్నది" లాంటి మాటలు. పిల్ల సంగతే ఎత్తలేదు. ఇంట్లోనూ ఎవరికీ చెప్పలేదు. మేడం ఓపిగ్గా విని, చివర్లో "వచ్చే వారం మీ ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి, సరేనా?" అన్నారు.

సరే అన్నాను. ఆ వారమంతా అదే ధ్యాస. వంటింట్లో గరిటె పట్టుకుని మేడంతో మాట్లాడేదాన్ని. రెండోసారి వెళ్ళి కూర్చోగానే, సిగ్గు వదిలేసి ఇంటి మాటలో మొదలుపెట్టేశాను. ఆ రోజు లైను బాగాలేదు. మధ్య మధ్యలో మాట తెగిపోతోంది. అయినా నేను ఆపలేదు.

"మలుపు కాడ అయిపోనాది మేడం. గుంట... గుంట వల్లే నాకు నిద్ర నేదు. కళ్ళు మూస్తే గుంటే కనబడతంది."

"ఆ గుంట ఎంతుంటుందండీ?" అన్నారు మేడం.

"ఆరేళ్ళుంటాయి మేడం."

"ఆరేళ్ళా! అన్నేళ్ళూ ఎవరూ పట్టించుకోలేదా?"

"పేదోళ్ళు మేడం. కొండ మీద ఊరు. ఎవరు పట్టించుకుంటారు?"

ఎంత బాగా అర్థం చేసుకుంటోందీవిడ అని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేడం ముందుకు వంగి, చాలా మెత్తగా అడిగారు.

"ఇప్పుడైనా ఆ గుంట పూడ్చారా?"

పూడ్చారా! పాతిపెట్టేశారా అని అడుగుతోంది నన్ను! ఏ మనిషైనా అంత తాపీగా అడుగుతుందా ఆ మాట? కుర్చీలోంచి లేచిపోయాను. హెడ్‌ఫోన్లు ఊడి కిందపడ్డాయి.

"పూడ్చడమేటి? ఏటి మాటలవి? గుంట సావనేదు! బతికే ఉంది! దాన్ని ఎవులు పూడ్చినారు? మీకెవులు సెప్పినారు?"

పక్క గదుల కర్టెన్లు పైకి లేచాయి. వదిన పరిగెత్తుకొచ్చింది. తెర మీద మేడం నోరు కదులుతోంది, మాట హెడ్‌ఫోన్లలో ఉండిపోయింది. వదిన వాటిని తీసి తన చెవులకి పెట్టుకుని కాసేపు వింది. నన్ను చూసింది. మళ్ళీ తెర వైపు చూసింది.

"మేడం గారూ, గుంటంటే గొయ్యి కాదండీ. ఆడపిల్ల. మా కాడ అలగే అంటాం" అంది వదిన.

మేడం రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ పుట్టి పెరిగిందంతా హైదరాబాదేనట. రోడ్డు మీద గుంటలో పడి బస్సు బోల్తా కొట్టిందనుకున్నారు పాపం. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకునేసరికి ఆవిడ సారీ సారీ అంటూనే ఉన్నారు. నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆరేళ్ళ నుంచీ ఎవరూ పట్టించుకోని గుంట! ఆవిడా నవ్వారు. ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం. అప్పుడు ఆవిడ అడిగారు.

"ఆ పాప బతికే ఉందని మీకెలా తెలుసు?"

నవ్వు ఆగిపోయింది. నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. నేను ఎవరినీ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని నోరు కుట్టేసుకున్నాను. నేను బస్సుకి భయపడుతున్నానని ఊరంతా అనుకుంది, నేనూ అనుకున్నాను. బస్సెక్కితే ఆ గెడ్డ స్టాపు వస్తుంది, అక్కడ ఆ తల్లి ఒంటరిగా నిలబడి ఉంటుందేమో. నా భయం అదీ! భయం తగ్గలేదు కానీ, భయపడుతున్నదేమిటో దొరికినందుకు భలే హుషారు పుట్టింది.

"ఎవరినైనా పంపించి కనుక్కోవచ్చు కదా?" అన్నారు మేడం.

"వద్దు మేడం. ఎవరో వచ్చి గుమ్మంలో తల దించుకుని నిలబడితే నాను తట్టుకోనేను. నానే ఎల్తాను."

తర్వాతి వారాలు మేడం తెర మీంచి నన్ను మెల్లమెల్లగా బస్సు దగ్గరికి నడిపించారు. ఒకసారి బస్సులు ఆగే కాంప్లెక్సులో నిలబడి రావడం. ఒకసారి ఆగి ఉన్న బస్సులో కూర్చుని రావడం. ఒకసారి ఊరి పొలిమేర దాకా వెళ్ళి దిగిపోవడం. ప్రతిసారీ వచ్చి కెమెరా ముందు ఊపిరాడకుండా చెప్పేదాన్ని. ఆవిడ చప్పట్లు కొట్టేవారు. చప్పుడు కాస్త ఆలస్యంగా వచ్చేది.

దసరా సెలవులు ముగిసేలోపు వచ్చిన సంత రోజున, వదినని వెంటబెట్టుకుని ఉదయం బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. కడ్డీ పట్టుకుని మేడం చెప్పినట్టు ఊపిరి లెక్కగా తీస్తున్నాను. కురుపాం దాటగానే మలుపులకి వదినకి కడుపులో తిప్పడం మొదలైంది. "సచ్చిపోతన్నానే, ఆపమనవే" అని నా మీద పడిపోయింది. ఆవిడ తల పట్టుకుని, నిమ్మకాయ వాసన చూపించి, వీపు రాస్తూ ఉండగానే గెడ్డ స్టాపు వచ్చేసింది. నా భయం సంగతి చూసుకునే తీరికే దొరకలేదు!

వదినని సీట్లోనే వదిలి కిందికి దిగాను. చీపుళ్ళ మోపులతో నలుగురైదుగురు ఆడవాళ్ళున్నారు. చివర్న ఆమె. ఒక్కర్తే. పక్కన పిల్ల లేదు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆమె నన్ను చూసి మోపు కిందపడేసింది.

"ఓలమ్మో! నువ్వు సచ్చిపోనావనుకున్నామే తల్లీ! బస్సులో మరి కనబడనేదు! నీ పేరు తెలీకపోయినా మా అమ్మోరికి మొక్కినాను!"

ఆమె నా చెయ్యి పట్టుకుని నొక్కి నొక్కి చూస్తోంది. ఎలాగో అడిగాను.

"గుంట ఏది?"

"గుంటా? దాని కత సెప్పకు. బస్సంటే సాలు, దానికి ఒళ్ళు తెలీదు. అదిగో, నువ్విలా దిగినావో నేదో, అలా ఎనక తలుపులోంచి దూరిపోయి నీ సీటట్టేసింది సూడు!"

తలెత్తి చూశాను. పిల్ల కిటికీ ఊచలకి ముఖం ఆనించి, వాళ్ళమ్మని బేగి రమ్మని కేకలేస్తోంది. నుదుటి మీద ఇంత పొడుగు మచ్చ. నేను అక్కడే రోడ్డు మీద ఏడ్చేశాను. కండక్టరు విజిలు మీద విజిలు వేస్తున్నాడు. ఆమె మోపు ఒక పక్క నేను పట్టుకుని ఎక్కించాను. సీటు దగ్గరికి వెళ్ళి, ఇది నాది, లే అన్నాను. లెయ్యను పొమ్మంది. కిటికీ ఊచలు గట్టిగా పట్టుకుని అటు తిరిగి కూర్చుంది.

సంత దాకా, అన్ని మలుపులూ నిలబడే వెళ్ళాను.