మా లారీకి జామీనున్న మనిషి

లారీ కొంటానని మా నాయన చెప్పగానే జేజి, అంటే ఆయన తల్లి, అడిగింది ఒక్కటే. "జామీను ఎవురుంటాండారు?"

అప్పుడు మేం డోన్‌లో ఉండేవాళ్లం. నాయన ఏళ్ల తరబడి ఎవరెవరివో లారీలు తోలి, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సొంత బండి కోసం బ్యాంకు మెట్లెక్కాడు. తాకట్టు పెట్టడానికి మాకు గజం నేల లేదు. అయినా మేనేజరు దరఖాస్తు తీసుకున్నాడు. చిన్న వ్యాపారాలకు సర్కారే పూచీ పడే స్కీము ఒకటి వచ్చిందట.

"సర్కారు ఉంటాదంటమ్మా జామీను," అన్నాడు నాయన.

"మంచిదే. ఐతే పూజ దినం బువ్వకు పిలువు," అంది జేజి.

జామీనున్న మనిషికి ఇంట్లో భోజనం పెట్టి, కొత్త టవలు కప్పాకే ఆ అప్పుతో కొన్నది వాడుకోవాలి. ఇది మా ఇంటి ఆచారం. అంటే జేజి పెట్టిన ఆచారం, కాబట్టి తిరుగులేదు.

నాయన వెళ్లి మేనేజరును పిలిచాడు. ఆయన నవ్వి, తాను అప్పిచ్చేవాడినేననీ, జామీనుండే ఆఫీసు బొంబాయిలో ఉందనీ చెప్పాడు. ఆ మాట నాయన ఇంట్లో చెప్పకుండా మింగేశాడు. పూజ హడావుడిలో ముసలామె మరిచిపోతుందనుకున్నాడు. మా జేజిని అంత తక్కువ అంచనా వేసిన మనిషికి బ్యాంకు అప్పెలా ఇచ్చిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

పూజ రోజు జేజి ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసింది. గుమ్మడికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బేతంచెర్ల బండల ఫ్యాక్టరీలో లోడు సిద్ధంగా ఉంది. మధ్యాహ్నంలోగా రాకపోతే వేరే లారీ పెట్టుకుంటానని ఫ్యాక్టరీ యజమాని ముందే చెప్పాడు. మొదటి లోడే జారిపోతే మళ్లీ ఆ గడప తొక్కనివ్వరు. నాయన తాళం తిప్పబోతుంటే జేజి వచ్చి బండికి అడ్డంగా నిలబడింది.

"యాడప్పా సర్కారు? ఆయప్ప తినకుండా బండి కదిలేది ల్యా."

"బొంబాయిలో ఉండాదమ్మా! ఓళిగలు తినేకి ఆడ్నించి ఈడికి వస్తాదా?"

"మనూర్లో ఆయప్ప మనిషే ల్యాడా?"

నాయన తల పట్టుకున్నాడు. అమ్మ తలుపు చాటుకు పోయి నవ్వుతోంది. అంతలో వీధి మలుపులో సైకిల్ బెల్లు మోగింది. ఖాకీ చొక్కాలో పోస్టుమ్యాన్. జేజి మొహం వెలిగిపోయింది.

పాపం, ఆయన పక్కింటికి పోతున్నాడు. చెయ్యి పట్టి లాక్కొచ్చి పీట మీద కూర్చోబెట్టింది. సంగతి విని ఆయన, "అవ్వా, నేను టపా ఇచ్చేటోన్ని. మీ అప్పుకూ నాకూ ఏం సంబంధం?" అని మొత్తుకున్నాడు.

"నీకు జీతం ఎవురిస్తాండారు?"

"సర్కారే."

"ఐతే తిను."

నెయ్యి ధారగా పోసి ఓళిగలు పెట్టింది. టవలు కప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతు మారింది. "మా ఇంటాయన ఒకనికి జామీనున్న్యాడప్పా. వాడు ఎగ్గొట్టి పాయ. మా చేనంతా వాని అప్పుకే పాయ. వాడు ఒక్క పూటన్నా పిల్చి బువ్వ పెట్టింటే, మా ఇంటాయన మొగం గుర్తుకొచ్చయినా కట్టుండును." తన ఇంట్లో తిన్న మనిషిని ముంచడానికి ఎవరికీ మనసొప్పదని ఆమె నమ్మకం. మాకు గజం నేల ఎందుకు లేదో నాకు ఆ రోజే తెలిసింది. పోస్టుమ్యాన్ చెయ్యి కడుక్కోగానే నాయన బండి తీశాడు.

లోడు అందింది. కానీ ఓళిగలు తిన్న పోస్టుమ్యాన్ నిజంగానే జామీనైపోయాడు. ప్రతి నెలా బ్యాంకు వాయిదా రోజున మా ఇంటి ముందు సైకిల్ ఆపి, "ఏమప్పా, కంతు కట్టినావా? మీ ఇంట్లో తినిండా నేను!" అనేవాడు. డీజిల్ రేటు పెరిగి, గేర్‌బాక్సు పోయిన నెల నాయన ఆయన కంట పడకుండా వెనక సందులోంచి తిరిగాడు. బ్యాంకువాళ్లకు కూడా అంత భయపడలేదు. చివరికి అమ్మ కమ్మలు కుదువబెట్టి కట్టి, నేరుగా పోస్టాఫీసుకు పోయి రసీదు చూపించి వచ్చాడు.

కొన్నేళ్లకు అప్పు తీరిపోయిందని బ్యాంకు నుంచి కాగితం వచ్చింది. తెచ్చింది ఆయనే. నాయన చదివి వినిపించేదాకా గుమ్మంలోనే నిలబడి, విన్నాక గట్టిగా ఊపిరి వదిలాడు.

"అవ్వా, ఇంగ నన్ను ఇడిసిపెట్టినట్లేనా?"

జేజి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది.

"యాడికి పోతావప్పా? మావోడు ఇంగో లారీ కొంటానంటాండాడు. కాళ్లు కడుక్కోని రా."