తోమా క్యాసెట్టులో గంట

నల్లపాడు దగ్గర మా పాలెంలో మా ఆయన తోమాకి మైకుసెట్టు ఉండేది. పెళ్ళిళ్ళకీ, మా ఏసుప్రభు గుడిలో ప్రార్థన కూటాలకీ అద్దెకిచ్చేవాడు. మనిషి మంచివాడే, ఉన్న పిచ్చల్లా ఒకటే, ఓ ఇంగ్లీషు క్యాసెట్టు. ప్రోగ్రెసివ్ రాక్ సంగీతమట! ఒక్కో పాటా అన్నం ఉడికి మాడిపోయేదాకా సాగేది. "ఇదేం పాటయ్యా, గిన్నెలు దొర్లినట్టు?" అంటే మొహం ముడుచుకునేవాడు. అయితే మధ్యలో ఆర్గన్ ఒక్కటే మోగే చోట నా చేతిలో చీపురు ఆగిపోయేది. ఆ సంగతి ఆయనకి చెప్తానా? చచ్చినా చెప్పను.

ఎనభై నాలుగు ఫిబ్రవరిలో మా అమ్మ ఆదెమ్మని గుంటూరు పెద్దాసుపత్రిలో చేర్చాం. కడుపులో గడ్డ. ఓ రోజు పొద్దున్నే డాక్టరుతో మాట్లాడ్డానికి ఆయన వెళ్ళాడు, నేను మిరపకోతకి వెళ్ళాను. చేతులు కాయల మీదున్నాయి గానీ ప్రాణమంతా గుంటూరులోనే.

మధ్యాహ్నం గుడి వైపు నుంచి గంట వినిపించింది. ఒక దెబ్బ. కాసేపాగి మళ్ళీ ఒక దెబ్బ. ఆరాధనకైతే గణగణ కొడతారు. ఇలా ఆగి ఆగి కొడితే పాలెంలో ఎవరో పోయినట్టే. మంచాన పడ్డది మా అమ్మ ఒక్కతే. "ప్రభువా, మా అమ్మ కాదు, మా అమ్మ కాదు" అనుకుంటూ గట్లకడ్డంపడి పరిగెత్తాను. నాతో కోతకొచ్చే ఖుర్షిదా "పడతావే, చూసుకో!" అని ఏడుస్తూ వెనకే వచ్చింది, కోతలో ఉన్న మిగతావాళ్ళూ వచ్చారు.

తీరా చూస్తే గుడిగంట తాడు ఊరికే వేలాడుతోంది. మోతేమో గుడి పైన కట్టిన మైకు హారన్లోంచి వస్తోంది. వెంటనే డ్రమ్ములు! కూటాలకని కట్టిన హారన్ వైరు తీయకుండానే గుంటూరు నుంచి ఎప్పుడొచ్చాడో మహానుభావుడు, గుడి పక్కనే ఉన్న మా ఇంట్లో క్యాసెట్టు పెట్టాడు. చిన్న స్పీకర్లో గిన్నె మీద గరిటె కొట్టినట్టుండే ఆ చప్పుడు, హారన్లో అచ్చం చావుగంటే అయింది.

నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఇంట్లోకి దూసుకెళ్ళి టక్కున ఆపేశాను. "నీ పాట తగలెయ్య! నా గుండె ఆగిపోయింది కదయ్యా!"

క్యాసెట్టును ఒక్క మాటంటే ఊరుకోని మనిషి, తనే దాన్ని తీసి పక్కన పెట్టేశాడు.

"అమ్మెలా ఉంది?"

"ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు జయా."

"నయమైపోయిందన్నమాట! అల్లా దయ!" అని గుమ్మంలోంచి ఖుర్షిదా అరిచింది. వెంటవచ్చిన వాళ్ళంతా సంతోషంగా వెనక్కి మళ్ళారు.

"మరి ఆపరేషనో?" అన్నాను మెల్లగా. ఆయన నా మొహం చూడకుండా తల అడ్డంగా ఊపాడు.

మనిషి బతికుండగా ఇంట్లోంచి ఏడుపు వినిపించకూడదు. వెళ్ళి తలుపు వేశాను.

"ఆ హారన్ వైరు పీకెయ్. క్యాసెట్టు మళ్ళీ పెట్టు, గట్టిగా పెట్టు. నేను ఏడవాలి."