మందెయ్యమంటారాండీ?

మందేసే ముందు అడిగితే తప్పేంటట? మా ఆన్‌లైన్ ఆటలో గాయాలు మాన్పే వైద్యుడు రాజోలు కొబ్బరి రైతు. ముఖం చూడలేదు, గొంతే తెలుసు. రాక్షసుడు మీద పడుతున్నా "మందెయ్యమంటారాండీ?" అని అడిగేవారు. మేం ఊఁ అనేలోపే చచ్చేవాళ్లం.

ఆటలో కొత్త ద్వీపం తెరుచుకునే ముందు ఆయన రావడం మానేశారు. వేరే వైద్యుణ్ణి చూద్దామని జట్టంతా అంది. నేను ఒప్పుకోలేదు, పోట్లాడాను. చివరికి ఆయన నంబరు సంపాదించి ఫోన్ చేస్తే ఆ గొంతు వినిపించింది.

"ఆయ్, తోటలో కొబ్బరి దింపులండి. ద్వీపానికి వెళ్లిపోయేరేంటండి?"

"మీరు లేకుండానా? చెప్పి మానాలి కదండీ!" అని అరిచాను.

"ఆటకి సెలవుచీటీ ఏంటండి బాబూ!"

అమ్మయ్య అనుకున్నాను. మందు వేగంగా వేసేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు. ఆటలో చచ్చి పడున్నవాణ్ణి ఆయనలా "పర్లేదు, లేవండి" అని లేపేవారు మీ జట్టులో ఒక్కరైనా ఉన్నారా?