క్రికెట్ కిట్టు గది తాళంచెవి నా బ్యాగులో ఉంది

ఈ రోజు పుంగనూరులో మా బడి ప్రార్థన దగ్గర హెడ్మాస్టరు గారు టీచర్లమైన మా అందరినీ ఈ ఏడాది ఆటల్లో మరిచిపోలేని జ్ఞాపకం ఒకటి చెప్పమన్నారు. మా పీఈటీ సార్ ముందుగా మైకు అందుకుని, మన అమ్మాయిలు ప్రపంచ కప్పు గెలిచిన రాత్రి తనకు కన్నీళ్ళు ఆగలేదన్నారు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది.

ఆ కప్పు గెలిచిన మర్నాడే మా తొమ్మిదో తరగతి అమ్మాయిలు బ్యాటు అడిగితే, ఇదే సార్ "ఆడపిల్లోళ్ళకు యాలమ్మా క్రికెట్టు? రింగు ఆడుకోండి పోండి" అని టెన్నికాయిట్ రింగు చేతిలో పెట్టి పంపేశారు. అప్పటి నుంచి నేను కాచుకునే ఉన్నాను.

తరవాత మైకు నాకిచ్చారు.

"నా జ్ఞాపకం ఇంకా జరగలేదు సార్, ఇప్పుడు జరగబోతాండాది. కిట్టు గది బీగంచెవి ఇట్లియ్యండి. సాయంత్రం మా ఆడపిల్లోళ్ళు ఆడతారు," అన్నాను.

"ఈడ యాల మేడమ్, మళ్ళీ సూస్తాం లే," అని ఆయన గొణిగారు. నేను మైకు ఆయన నోటి దగ్గరే పెట్టాను కాబట్టి ఆ గొణుగుడు బడంతా వినబడింది. అమ్మాయిల వరసలో నవ్వులు మొదలయ్యాయి. తాళంచెవి బయటికొచ్చింది.

సాయంత్రం వాళ్ళు బ్యాటింగు చేస్తుంటే ఆయన గ్రౌండు అంచున దిగాలుగా నిలబడ్డారు. నేనే వెళ్ళి చేతిలో రింగు పెట్టి వచ్చాను.

కక్షే, కాదనను. రేపు తాళంచెవి తిరిగి అడుగుతారు. మీరైతే ఇస్తారా?