మా అత్త చెప్పిన మూడో కథ

తిరుపతిలో మా మేనత్త పోయిందని పోయిన వారం పలమనేరులో ఉన్న నాకు కబురొచ్చింది. పొద్దున పూలబుట్ట ముందు కూర్చున్న మనిషి అలాగే గోడకు ఒరిగిపోయిందట.

అత్తను తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఒక హంతకుడి కథ. నవ్వకండి. గుడికి మాలలు కట్టే ఇల్లు వాళ్లది. కొన్నేళ్లు నేను అక్కడే ఉండి చదువుకున్నాను. మధ్యాహ్నాలు వీధిలోని ఆడవాళ్లంతా ఆ వసారాలో చేరేవాళ్లు. దేవుడి పూలు వాసన చూడకూడదని అత్త మొహం పక్కకు తిప్పి కడుతూ, కథలు చెప్పేది. బుట్టలో పూలున్నంత వరకు కథ ఆపకూడదు. అది ఆ వసారా కట్టడి.

రైల్వేలో పనిచేసే మామతో పోయి చూసొచ్చిన ఇంగ్లీషు సినిమా కథ అది. ఒకడు చచ్చిపోయిన అన్నతో మాట్లాడుతూ, అన్న గొంతుతో తనే బదులు చెప్పుకుంటూ, ఇంటికొచ్చినవాళ్లను చంపుతుంటాడు. చివరికి పిచ్చాసుపత్రిలో వేస్తారు. అత్త ఆ రెండు గొంతులూ పెట్టి చెబుతుంటే పూలు కట్టే చేతులు ఆగిపోయేవి.

కొన్నేళ్లకు ఆ సినిమాకు రెండో భాగం వచ్చింది. అందులో వాడు నయమై ఇంటికొచ్చి, మళ్లీ చంపుతాడు. అదే కథకు రెండో భాగమని మామ రేణిగుంట స్టేషన్లో కొన్న నవలలో ఇంకోలా ఉంది. వాడు ఆసుపత్రి నుంచి పారిపోతూ దారిలోనే చస్తాడు. ఆ రెండూ చెప్పి అత్త దారం తెంపేసింది.

"వీళ్ల నోట్లో మన్ను పడ! నయమైనోడు నయమైనట్టు బతికితే సినిమా ఆడదా?"

పురిట్లో బిడ్డ పోయాక అత్త కూడా మద్రాసులో అలాంటి ఆసుపత్రిలోనే కొన్ని నెలలుండి వచ్చిన మనిషి. నయమైంది. అయినా కథలకు వచ్చే తల్లులెవరూ ఆమె చేతికి బిడ్డను ఇచ్చేవాళ్లు కాదు. ఆమె చెయ్యి చాచితే, "పాలకేడుస్తాదక్కా" అని అటు తిరిగేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. అత్త మాత్రం ఆ చేతిని మెల్లగా పూలబుట్టలో పెట్టేది.

ఆ రోజు బుట్టలో ఇంకా కనకాంబరాలున్నాయి. "తర్వాతేమైనాది అత్తా?" అన్నాను నేనే. అప్పుడు ఆ రెండూ కాని మూడో కథ, తన సొంతది, మొదలుపెట్టింది.

"ఆయప్ప ఇంటికొచ్చినాడు. పక్కింటామె వచ్చి, 'అంగడికి పోయొస్తా, ఈ బిడ్డను రవ్వంత సేపు సూడప్పా' అని ఒళ్లో పెట్టి పోయింది."

"అయ్యో! సంపేసినాడా?" ఎదురింటి కోడలు గుండెల మీద చెయ్యేసుకుంది. అప్పుడామె నిండు చూలాలు.

"లేదు మే. బిడ్డ నిద్రపోయింది. ఆయప్ప ఈగలు తోల్తా కూర్చున్నాడు. ఆమె వచ్చి ఎత్తుకుపోయింది."

"అంతేనా?"

"అంతే."

ఎదురింటి కోడలు కాన్పయి, బిడ్డకు మెడ నిలిచాక, ఒక మధ్యాహ్నం వచ్చింది. "అక్కా, కొళాయి కాడికి పోయొస్తా. రవ్వంత సేపు సూడు" అని బిడ్డను అత్త ఒళ్లో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. అత్త చప్పుడు లేకుండా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ వారమే వసారా దూలానికి అత్త పాత చీరతో ఉయ్యాల కట్టారు. ఒకరిని చూసి ఒకరు, వీధిలో తల్లులందరూ బిడ్డల్ని అందులోనే వేసి పనులకు పోయేవాళ్లు.

పోయిన వారం నేను చేరేసరికి అత్తను ఆ వసారాలోనే పడుకోబెట్టారు. మైలపడ్డ ఆనాటి పూలు ఇక గుడికి పోవు. వాటితోనే ఆడవాళ్లు ఆమెకు మాల కడుతున్నారు. ఎదురింటి కోడలు తన రెండో బిడ్డను ఎత్తుకొచ్చి ఉయ్యాలలో వేసింది.

"సావింట్లోకి పసిబిడ్డను తెస్తారా మే? బుద్ధుండాదా నీకు?" అని ఒక ముసలామె కసిరింది.

"ఈ యాళప్పుడు ఇది ఈడ తప్ప యాడా నిద్రపోదవ్వా" అంటూ ఆమె పూలందుకుంది.

ఆ రోజు కథ ఎవరూ చెప్పలేదు. బుట్ట ఖాళీ అయ్యేదాకా, ఎవరో ఒకరి చెయ్యి పూలు వదిలి ఉయ్యాలను ఊపి, మళ్లీ పూల మీదికి వచ్చేది.