గింజ పలికే చెవులు

ఇమాం హుస్సేన్‌కు ఉన్న పిచ్చల్లా ఒక్కటే. ఎండుమిరపకాయ కనబడితే చాలు, చెవి దగ్గర పెట్టుకుని గలగలా ఊపేవాడు. కళ్లంలోనూ అంతే, గుంటూరు మిర్చి యార్డులోనూ అంతే. పక్కింటి బాపయ్య పోయినప్పుడు పరామర్శకు వెళ్లి, శవం వాకిట్లో ఉండగానే వసారాలో ఆరబోసిన కాయ ఊపి, "ఇంకో రెండెండలు పడాల" అన్నాడు. పెళ్లాం కరీమున్ కొంగుతో మొహం కప్పుకుంది. ఏడుపుకి కాదు, సిగ్గుకి.

"గింజ ఎండితే పలుకుద్దయ్యా! మీయీ చెవులేనా? గోడకు కొట్టిన పిడకల్లాగా తలకంటుకుపోయినయ్యి. ఉంటే చేటల్లా ఉండాల!" అని ఊరందరినీ ఎకసెక్కాలాడేవాడు.

ఆయన చెవులు నిజంగా చేటలే. మనవరాలు సాజిదావీ అవే.

ఈ ఏడు కళ్లాల మీద వాన వదల్లేదు. సగం కాయ తెల్లబడి తాలైపోయింది. ఊళ్లో నవ్వే మొహం లేదు. సాజిదా అయితే గడపే దాటటం లేదు. కాలేజీలో ఎవరో ఆ పిల్ల ఫొటోకి చేటలు అతికించి అందరి ఫోన్లకీ పంపారు. గుంటూరు డాక్టరు చూసి, చెవి వెనక కోసి, తల వైపుకి మడిచి కుట్లేస్తే సరి, కొన్నాళ్లు కట్టుంటుందన్నాడు. తీరా రేపు ఆపరేషన్ అనగా పిల్ల అడ్డం తిరిగింది.

"నేను రాను నాయనమ్మా. ఇవి కోయించుకుంటే తాత చెవులు బాగాలేవని చెప్పినట్టే గదా."

కరీమున్ సరాసరి కళ్లంలోకి పోయి మొగుణ్ణి నిలేసింది.

"ఏందయ్యా, నీ గొప్పలు పిల్ల కాళ్లకు బంధాలైనయ్యి!"

ఇమాం హుస్సేన్ తడికాయ ఒకటి చెవి దాకా ఎత్తి, ఊపకుండానే దించేశాడు. ఇంటికొచ్చి మనవరాలి ఎదురుగా కూలబడ్డాడు.

"చెవులకేం వినపడదే. చేత్తో విరిచి చూసేవోణ్ణే నేనూ, నలుగురిలాగే."

"అబద్ధం!"

"మీ నాయనమ్మనడుగు."

కరీమున్‌కు తెలియంది ఏముంది? రెండో క్లాసులో చేట చెవులన్నారని సాజిదా ఏడుస్తూ వచ్చిన రోజే ఈయన మొట్టమొదట కాయ ఊపాడు.

"నిజమేనే తల్లీ. పదేళ్లబట్టి నీకోసం ఒకటే వేషాలు. శవం దగ్గర కూడా!"

సాజిదా కళ్లు తుడుచుకుంది. "మరి ఊళ్లో తెలిస్తే నవ్వుతారుగా తాతా?"

"నవ్వనీ. ఈ వానకి నవ్వేవోళ్లు కరువయ్యారు."

ఆపరేషనైన మూడో రోజు సాజిదా తలకు కట్టుతో మంచం మీద ఉంది. పక్కనే ఇమాం హుస్సేన్, చెవుల మీదుగా తువ్వాలు బిగించుకుని. పిల్ల ఒక్కతే కట్టుతో ఉంటే బాగోదట. బయట ముసురు పట్టే ఉంది. సాజిదా వానకి ఇంట్లోనే పరిచిన కాయల్లోంచి ఒకటి తీసి, కట్టు మీద ఆనించి ఊపింది.

"ఇంకో రెండెండలు పడాల తాతా."

"ఏందీ? గట్టిగా చెప్పవే, తువ్వాలడ్డం!"