మామ్మ పోలిక

పాప పుట్టిన పదకొండో రోజున మొదటిసారి ఆ మాట వినపడింది. పట్టపగలు, పుట్టింటి వరండాలో పాపకి నూనె రాస్తున్నాను. ఎవరో వెనక నిలబడి ‘ఇది నీ పిల్ల కాదు’ అన్నారు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. లేని గొంతు వినపడటమంటే ఏమిటో తెలుసు. తెలియడం వల్లే ఎక్కువ భయపడ్డాను. చిన్నప్పుడు నేను మొండికేస్తే మా మేనత్త ‘మామ్మ పోలిక వచ్చింది’ అనేది. నాన్న వెంటనే లేచి బయటికి వెళ్ళిపోయేవారు. మామ్మంటే నాన్న తల్లి. నాన్న పుట్టిన కొన్నాళ్ళకే ఆవిణ్ణి ఎక్కడో దూరాన పిచ్చాసుపత్రిలో చేర్చారట. తిరిగి రాలేదు. ఇంట్లో ఆవిడ ఫొటో ఒక్కటీ లేదు. అంతకు మించి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అందుకని దాచాను. చుట్టాలు చూడటానికొస్తే నవ్వాను. నిద్ర పూర్తిగా పోయింది. గొంతు ఇప్పుడు ఇంటి వెనక కాలవ గురించి చెప్పసాగింది. పాపని ఎత్తుకోవడం మానేసి, నడుం నొప్పని అమ్మకి ఇచ్చేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం చూసుకుంటే కాలవ మెట్ల మీద ఉన్నాను. చేతుల్లో పాప. ఎలా వచ్చానో గుర్తులేదు. అక్కడే కూర్చుండిపోయి అమ్మని పిలిచాను. అమ్మ వచ్చి పాపని తీసుకున్నాక అంతా చెప్పేశాను. అమ్మ ఏడ్చింది. ఎవరికీ చెప్పొద్దని, పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయిద్దామని అంది. అప్పటికే గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నారు. తాటిపాకలో డ్యూటీలో ఉన్న మా ఆయనకి ఫోన్ చేసి, కారు మాట్లాడుకుని రమ్మన్నారు. ఆసుపత్రికి వెళ్తున్నామన్నారు.

మామ్మని వదిలేసిన ఇల్లు ఇప్పుడు నన్నూ వదిలేస్తోందనుకున్నాను. గోదావరి దాటే ఎదుర్లంక వంతెన మీద కారు తలుపు తీయబోతే మా ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు. కాకినాడ దాకా వదల్లేదు.

ఆసుపత్రి వార్డులో ముందు మంచాల కాళ్ళకేసి చూశాను, గొలుసులున్నాయేమోనని. డాక్టరుగారు నా వయసావిడే. ఆసుపత్రిలో చేరడానికి ఒప్పుకునే కాగితం నా ముందు పెట్టారు.

“సంతకం పెడితే పాపని తీసుకుపోతారా అండీ?”

“లేదండీ. మూడేళ్ళలోపు బిడ్డని తల్లి దగ్గర్నుంచి మామూలుగా విడదీయకూడదని ఇప్పుడు చట్టమే ఉంది. మీ అమ్మగారు పక్కనే ఉండి పాపని చూసుకుంటారు. మీరు నిద్రపోవాలి, అంతే.”

నమ్మలేదు. సంతకం పెట్టాక తలుపుకి తాళం వేశారా అని నర్సుని అడిగాను. ఆవిడ తెరిచి చూపించింది. కాసేపటికి మళ్ళీ అడిగాను. మళ్ళీ చూపించింది.

మందులకి గొంతు కాస్త దూరం జరిగిన రోజున, నన్నూ మామ్మలాగే ఇక్కడ ఉంచేస్తారా అని నాన్నని అడిగాను.

“నాకు తొమ్మిదేళ్ళప్పుడు మీ తాతగారితో మామ్మని చూడ్డానికి వెళ్ళేనమ్మా. గుర్తుపట్టింది. నా చొక్కా గుండీ పెట్టి, ఇంటికెళ్దామా అంది. బాగానే ఉంది మనిషి. మీ తాతగారు గేటు వైపు నడిచేసేరు. నేనూ ఆయన వెనకే వచ్చేసేను.”

“ఎందుకు తీసుకురాలేదు?”

“ఊళ్ళో చచ్చిపోయిందని చెప్పేసేరు మరి. ఎలా తెస్తాం.” ఉద్యోగం వచ్చాక ఒక్కరే మళ్ళీ వెళ్ళారట. ఆవిడ పోయి నాలుగు నెలలైందన్నారట. ఆవిడకీ నాలాగే కానుపు తర్వాత వచ్చిందని, అది నయమయ్యే జబ్బని నా డాక్టరుగారు చెప్పేదాకా ఆయనకి తెలియదు.

నెల తిరక్కముందే పాపతో ఇంటికొచ్చాను. ఏడాదికి పైగా మాత్రలు వేసుకున్నాను. గొంతు మళ్ళీ రాలేదు. స్కూలుకి వెళ్తున్నాను. రెండో కానుపయితే ముందుగానే రమ్మని, జబ్బు మళ్ళీ వచ్చే అవకాశం ఉందని డాక్టరుగారు దాచకుండా చెప్పారు.

కిందటి వారం మళ్ళీ నెల తప్పిందని తెలిసింది. మా ఆయనకంటే ముందు నాన్నకి ఫోన్ చేశాను. భయంగా ఉందన్నాను.

“నాకూ భయంగానే ఉందమ్మా. రేపు పొద్దున్నే కాకినాడ వెళ్దాం. నేనొస్తాను.”

ఆయ్, వెళ్దామన్నాను. ఫోన్ పెట్టేసి, అప్పుడు మా ఆయనకి చేశాను.